పేరు నాది, గొంతు ఆమెది

మా అమ్మ తలుపు తీసి, గడప అవతల నిలబడ్డ మనిషి తలకేసి కాసేపు చూసి, "ఏ దేవునికిచ్చినవ్ బిడ్డా?" అని అడిగింది. వచ్చినామె తల ఎడమపక్క నున్నగా గొరిగి ఉంది. కుడిపక్క జుట్టు మాత్రం నడుము దాకా వేలాడుతోంది. మా అమ్మకు మొక్కు సంగతి అర్థమైంది కానీ అది సగంలో ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. "సగమే ఇచ్చినవేంది? మంగలాయన నడుమల లేచిపోయిండా?" అంది. "స్టైల్ చిన్నమ్మా. గిదే ఇప్పుడు నా బతుకుదెరువు," అంది ఆ మనిషి. ఆ గొంతు వినగానే, లోపల తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్న నా చేతిలో ఎర్రపెన్ను ఆగిపోయింది. కంకరలో బెల్లం పాకం పోసి తిప్పినట్టుండే ఆ గొంతును నేను నా గొంతు కంటే బాగా గుర్తుపడతాను. ఇష్టమైనవాళ్లు గుర్తుంటారని అంటారు కానీ, అసూయపడే మనిషికి ఉన్నంత జ్ఞాపకశక్తి ప్రేమించే మనిషికి ఎక్కడిది! వచ్చింది కల్పన. చిన్నప్పుడు మా వెనకింటి పిల్ల. ఇప్పుడు 'మోకు' అనే బృందంలో హెవీ మెటల్ గాయని.

హెవీ మెటల్ అంటే ఏమిటో తెలియనివాళ్లు మా నాయినతో సమానం, సిగ్గుపడక్కర్లేదు. గిటార్లు పిడుగుల్లా, డ్రమ్ములు కంకర మిల్లులా మోగుతుంటే, వాటన్నిటి మీదుగా ఒక మనిషి పొట్టలోంచి గాండ్రించి పాడే పాట అది. నల్లచొక్కాల కుర్రాళ్లు తలలు ఊపుతూ వింటారు. మొదటిసారి ఆమె వీడియో ఫోనులో చూపించినప్పుడు మా నాయిన కళ్లజోడు సర్దుకుని, "హెవీ మెటల్ అంటే ఏందే? ఇత్తడా, కంచా?" అని అడిగాడు. సిద్దిపేట బజారులో మాది పాత్రల దుకాణం మరి. పెళ్లిళ్లకు పెట్టే బిందెల మీద పేర్లు చెక్కే మిషన్ చప్పుడే నాకు తెలిసిన మొదటి సంగీతం. "పాటల్ల అదొక తీరు నాయినా," అన్నాను. "మరి తూకమెట్ల చూస్తరు?" అన్నాడు ఆయన. ఆ మాటకు నవ్వాను కానీ లోపల మాత్రం కలుక్కుమంది. లోహమంతా మా ఇంట్లో ఉంది, లోకమంతా ఆమె వెంట ఉంది. ఇదేం తూకం?

నా పేరు వాణి. ఆ పేరు మా నాయనమ్మ పెట్టింది. నేను పుట్టగానే ఏడిచిన ఏడుపు శ్రుతిలో ఉందని ఆమె వాడంతా తిరిగి చెప్పిందట. మా వాడలో బతుకమ్మ ఆడేటప్పుడు పాట చెప్పేది ఆమే. ఈ పాట చెప్పడమంటే తెలియనివాళ్లకు చిన్న పని అనిపిస్తుంది. పూల చుట్టూ ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే ఒకామె వరస అందుకుని ఒక మాట చెబుతుంది, మిగతావాళ్లంతా "ఉయ్యాలో" అంటారు. ఆ ఒకామె ఎవరన్నది మా వాడలో సర్పంచి ఎన్నిక కంటే పెద్ద విషయం. "పాట చెప్పేది ఒక్కతే ఉండాలె. ఇద్దరు చెప్తే అది పాట కాదు, పంచాయితి," అనేది నాయనమ్మ. తన పళ్లు కదలడం మొదలయ్యాక ఆ పీఠం కోడలికి కాకుండా నేరుగా నాకిచ్చింది. మా అమ్మ పాడితే పాలు విరుగుతాయని ఆమె నమ్మకం.

పీఠం ఇచ్చింది కదా, గొంతుకు కాపలా కూడా తనే పెట్టింది. తెల్లవారకముందే మా వంటింట్లో మిరియాలు దంచే చప్పుడు, పాలు కాగే వాసన, శొంఠి ఘాటు. పొయ్యి ముందు కూర్చున్న నాయనమ్మ నా నోట్లోకి తొంగిచూసి, నాలుక బయటికి పెట్టమని, దవాఖాన డాక్టరులా "ఊఁ" అనేది. పుల్ల ఐసు వద్దు, జామకాయ వద్దు, చింతకాయ వద్దు, చల్లటి పెరుగు వద్దు. శుక్రవారం మా ఇల్లంతా చింతపండు వాసనే ఉండేది. ఇత్తడి సామాను తోమడానికి బుట్టలకొద్దీ నానబెట్టేవాళ్లం. బిందెలకున్న భాగ్యం నాకు లేదని ఆ పులుపు వాసన పీలుస్తూ కూర్చునేదాన్ని. సరిగ్గా అప్పుడే వెనకింటి గోడ మీద కల్పన ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్క కొరుకుతూ కనిపించేది. "ఏం పిల్లా, పాలు తాగినవా?" అని అడిగేది. ఆ అడగడంలో వెటకారం ఉందో లేదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తను ఐసు తింటుంది, జామకాయ తింటుంది, వానలో తడుస్తుంది. అయినా ఆ గొంతుకు ఏమీ కాదు. అప్పటికే అయినంత అయి ఉందని మా నాయనమ్మ అనేది. బతుకమ్మ ఆటలో కల్పన నోరు తెరవబోతే నాయనమ్మ సైగ చేసేది: "నువ్వు చప్పట్లు కొట్టు బిడ్డా. నీ చప్పట్లు మంచిగుంటయ్."

కల్పన వాళ్ల బాపు కొమురయ్య కల్లు గీసేవాడు. ఊరి పొలిమేర దాటాక తాటిచెట్ల మధ్య ఆయన పగలంతా గడిపేవాడు. సెలవు రోజుల్లో కల్పన ఆయనకు సద్ది పట్టుకుపోయేది. ఒకసారి నేనూ వెంట వెళ్లాను, ఇంట్లో చెప్పకుండా. పులిసిన నురగ వాసన, ఎండిన తాటిమట్టల గలగల, పైన ఆకాశంలో చిన్న బొమ్మలా ఆయన. నడుమూ చెట్టూ కలిపి కట్టుకున్న మోకు ఒక్కటే ఆయనకు భూమితో ఉన్న సంబంధం. "పిలువు చూద్దాం," అంది కల్పన. నేను గొంతు సవరించుకుని "కొమురయ్య బాపూ..." అని పిలిచాను. గాలి ఆ పిలుపును సగం దూరంలోనే పట్టుకుని మడిచి జేబులో పెట్టుకుంది. ఆయన తల కూడా తిప్పలేదు. కల్పన పొట్ట పట్టుకుని నవ్వింది. "పిలుస్తున్నవా, పాడుతున్నవా?" అంది. తర్వాత కాళ్లు దూరంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, పొట్టలోంచి ఒక్క కేక వేసింది. అది అరుపు కాదు, చెట్టు మొదట్లో పుట్టి మట్టల దాకా పాకిన ఉరుము. చిలకలన్నీ లేచిపోయాయి. పైనుంచి కొమురయ్య తాపీగా, "వస్తున్న, ఇన్పడ్డది, నేనేం చెవిటోన్నా?" అన్నాడు. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని ఆ కేక ప్రయత్నించాను. నాయనమ్మ పరిగెత్తుకొచ్చి, "కడుపునొప్పా బిడ్డా?" అని వాము నలిపి నోట్లో వేసింది.

ఆ తర్వాత ఉద్యమం వచ్చింది. మేమప్పుడు డిగ్రీలో ఉన్నాం. రాష్ట్రం కోసం ప్రతి చౌరస్తాలోనూ దీక్షా శిబిరం ఉండేది. ఒకరోజు టీచర్లు కూర్చుంటే మరునాడు దర్జీలు కూర్చునేవాళ్లు. పాత్రల దుకాణాలవాళ్ల వంతు వచ్చినప్పుడు మా నాయిన నిరాహార దీక్షకు వెళ్తూ, అలవాటు కొద్దీ టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరాడు. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే ఆటలు. మా వాడ ఆడవాళ్లు హైదరాబాదు రోడ్డు మీద బతుకమ్మ ఆడాలని తీర్మానించారు. పండుగ కాలం కాదు, గునుగు పువ్వు దొరకదు. మోదుగులు మాత్రం విరగబూసి ఉన్నాయి. ఎర్రటి మోదుగ పూలతో పేర్చిన బతుకమ్మ, నిప్పుల కుప్పలా, తారు రోడ్డు నడిమధ్యన నిలబడింది. పాట నేనే కట్టాను. "ఇంట్లున్న బతుకమ్మ ఉయ్యాలో, రోడ్డెక్కి నిలిచింది ఉయ్యాలో." రాత్రి పగలు మిరియాల పాలు తాగాను. ఎందుకంటే ఆ రోజు ఆటకు నర్సన్న వస్తున్నాడని తెలిసింది. ఊరూరా ధూంధాం ఆటపాటలు నడిపించే కళాబృందం ఆయనది. ఆడపిల్ల గొంతు కోసం వెతుకుతున్నాడు. ఆ గొంతు నాదేనని నాకు, మా నాయనమ్మకు, మా ఇంటి బిందెలకు కూడా తెలుసు.

మైకు పెట్టుకున్న ఆటోను పోలీసులు ఊరి మధ్యలోనే ఆపేశారు. "మైకెందుకు, మా వాణి ఉన్నది," అంది నాయనమ్మ. వలయం కట్టాం. నేను పాట ఎత్తుకున్నాను. మొదటి రెండు మాటలు బాగానే సాగాయి. అంతలో రెండు పక్కలా ఆగిన లారీలు, బస్సులు హారన్లు మొదలుపెట్టాయి. కొందరు మద్దతుగా కొట్టారు, కొందరు కోపంతో కొట్టారు. హారన్‌కు ఆ తేడా తెలియదు. నా పాట నాకే వినిపించడం ఆగిపోయింది. వలయానికి అవతలి పక్కనున్నవాళ్లు ఎప్పుడు ఉయ్యాలో అనాలో తెలియక నా పెదవులవైపు చూశారు. చప్పట్లు తడబడ్డాయి. ఒకామె ముందుకు, ఒకామె వెనక్కు నడిచి ఢీకొన్నారు. బతుకమ్మ చుట్టూ అడుగులు ఆగిపోతున్నాయి. పోలీసాయన లాఠీ చంకలో పెట్టుకుని, "అయిపోయిందా అమ్మా? ఇగ నడువుర్రి," అన్నాడు.

అప్పుడు నా ఎదురుగా ఉన్న కల్పన కాళ్లు దూరంగా పెట్టింది. నేను చెప్పిన మాటనే అందుకుని, తాటిచెట్ల కింద బాపును పిలిచిన గొంతుతో పైకి విసిరింది. హారన్ల మీదుగా వెళ్లింది ఆ గొంతు. ఒక లారీ డ్రైవరు నిజంగానే చెయ్యి హారన్ మీదినుంచి తీసేసి కిటికీలోంచి తొంగి చూశాడు. వలయం అంతా ఒక్కసారి "ఉయ్యాలో" అంది. అడుగులు కలిశాయి. ఇక ఆ తర్వాత జరిగింది ఒక కొత్త ఏర్పాటు. నేను మాట చెప్తాను, నా పెదవులు చూసి కల్పన దాన్ని విసురుతుంది, లోకం అందుకుంటుంది. పాట నాది, దారి ఆమెది. మా నాయనమ్మ సైగ చేయడానికి చెయ్యి ఎత్తింది, సగంలో ఆపింది, ఆ చేత్తోనే చప్పట్లు కొట్టింది. ఆ సగం సైగ నన్ను కోసినంతగా మరేదీ కోయలేదు.

మరునాడు నర్సన్న మా ఇంటికే వచ్చాడు. నాయనమ్మ కొత్త చాప పరిచింది. అమ్మ అల్లం చాయ్ పెట్టింది. నేను లోపల జడ వేసుకుని, పిలిస్తే ఏ పాట ఎత్తుకోవాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆయన చాయ్ మెచ్చుకున్నాడు, ఉద్యమం గురించి చెప్పాడు, నా పాట కట్టిన తీరు బాగుందని నాయనమ్మతో అన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, "ఇంతకు గా గొంతు పిల్ల ఇల్లు యాడమ్మా?" అని అడిగాడు. నేనే బయటికొచ్చి వెనక గోడవైపు చెయ్యి చూపించాను. "గాడ, గా గోడ మీద కూసున్నామె," అన్నాను. కల్పన జామకాయ తింటోంది.

ఆ రెండు మూడేళ్లు ఆమె ఇంటిపట్టున లేదు. బెజ్జంకిలో ట్రాక్టర్ ట్రాలీ మీద, కుకునూరుపల్లిలో పొలం గట్టు మీద, ఎక్కడ జనం ఉంటే అక్కడ పాడింది. వచ్చినప్పుడల్లా గోడ ఎక్కి అన్నీ చెప్పేది. నేను 'అట్లనా' అనేదాన్ని. అసూయకు కూడా సాధన కావాలి. నేను పొద్దూ మాపూ చేశాను, పాలు తాగి మరీ చేశాను. రాష్ట్రం వచ్చింది. తర్వాత సిద్దిపేటకు జిల్లా వచ్చింది. నాకు తెలుగు టీచర్ ఉద్యోగం వచ్చింది. అందరికీ అన్నీ వచ్చాక పాటలతో పని తీరిపోయింది, నర్సన్న బృందం చెదిరింది. కల్పన కథ ముగిసిందని అనుకున్నాను. అయ్యో అన్నాను, ఆ 'అయ్యో'లో కొంచెం పంచదార ఉందని దేవుడికి తెలుసు. కానీ కథ హైదరాబాదు వెళ్లింది. ఆమె దిగిన హాస్టల్ పక్కింట్లో ఇంజనీరింగ్ కుర్రాళ్లు గిటార్లు వాయిస్తూ, గాండ్రించే గొంతు దొరక్క తమలో ఒకడి చేతే గొంతు చించుకునేలా అరిపిస్తున్నారట. ఆ మోత భరించలేక కల్పన మేడ మీదినుంచి ఊకోమని ఒక కేక వేసింది. వాళ్లు ఊకోలేదు, మెట్లెక్కి వచ్చారు. గొంతు చెడకుండా గాండ్రించడానికి పెద్ద పెద్ద వాళ్లు పాఠాలు నేర్చుకుంటారు. ఆమె మాత్రం, "గిదేనా? గిది మా బాపును సద్దికి పిలిసే తీరు," అందట. బృందానికి పేరు కూడా ఆమే పెట్టింది. బెంగళూరు, పుణె, షిల్లాంగ్. పేపర్లో ఫొటో కూడా వచ్చింది, జుట్టు గాల్లో, నోరు గుహలా. దాన్ని స్టాఫ్‌రూంలో అందరికీ చూపించి, "మా వెనకింటి పిల్ల," అన్నాను. గర్వంగానే అన్నాను. కడుపులో కొలిమి వెలుగుతుంటే ముఖం కూడా వెలుగుతుంది, చూసేవాళ్లకు తేడా తెలియదు. ఆ రోజే అనుకున్నాను, వాణి ఆమెకు దక్కింది, నాకు కల్పన మిగిలింది, అందుకే కథలు రాసుకుంటున్నానని.

ఇప్పుడు ఆ మనిషి మా ముందుగదిలో కూర్చుని, సగం తలను మా అమ్మ చేత నిమిరించుకుంటోంది. "ఎంత చల్లగున్నదో!" అని అమ్మ మురిసిపోతోంది. నాయనమ్మ పోయి చాలా కాలమైంది, ఆమె ఉండి ఉంటే ఏమనేదో. కల్పన నా జవాబు పత్రాల కట్ట పక్కకు జరిపి ఎదురుగా కూర్చుంది.

"నీ పాట పాడుతున్న, తెల్సా? రోడ్డు మీది పాట. షో అయిపోయేముందు గదే పాడుత. పోరగాండ్లందరు ఉయ్యాలో అంటరు, ఒక్కొక్కడు గింత గడ్డం యేసుకొని."

"నాదని వాళ్లకు తెల్సా?" నవ్వుతున్నట్టే అడిగాను.

"ప్రతిసారి చెప్తనే ఉన్న, గిది మా వాణి రాసిందని. గిటార్ల మోతల ఎవలికిన్పడ్తది?" అని ఆగింది. తర్వాత గొంతు తగ్గించింది, ఆమె గొంతు తగ్గితే కిటికీ చువ్వలు కొంచెం సేద తీరతాయి. "వచ్చే ఆదివారం హైదరాబాద్ల ఉన్నది. నువ్వు రా. నా పక్కన నిలవడి నువ్వే పాట చెప్పు. నేను ఎన్కనుంచి అందుకుంట. గట్లనే కద మొదలయింది."

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే కాచుకున్నానని ఎవరితోనూ చెప్పలేదు. అది చేతికందే దూరంలో ఉంది. కానీ ఇచ్చేది ఆమె. మా వాడలో పాట చెప్పే పీఠం నాయనమ్మ నాకిచ్చింది, ఇప్పుడు అదే పీఠాన్ని కల్పన దగ్గరనుంచి దానంగా తీసుకోవాలా? ఇస్త్రీ చీర కట్టుకుని, ఆ మోత మధ్యలో నా మిరియాల పాల గొంతుతో నిలబడితే, అది మళ్లీ లారీల ముందు నిలబడడమే కదా. "పేపర్లు దిద్దాలె. ఆదివారం కుదరదు," అన్నాను. కల్పన కట్టవైపు చూసింది, నావైపు చూసింది. "ఇంకా పాలు తాగుతున్నవా?" అంది. ఈసారి మాత్రం అది వెటకారం కాదు, అందుకే ఎక్కువ మండింది.

ఆదివారం నాకు శిక్షణ తరగతి ఉందని మా అమ్మకు చెప్పి హైదరాబాదు బస్సెక్కాను. ఒకప్పుడు మేం ఆపిన రోడ్డు అదే. అప్పుడు ఒక గొంతు కోసం అన్ని బండ్లు ఆగాయి. ఇప్పుడు ఆ మలుపు దగ్గర మా బస్సు కాసేపైనా ఆగలేదు. మోదుగ చెట్లున్న చోట గోదాములు లేచాయి. దిగేవాళ్లెవరూ లేరని కండక్టరు పాటలు వింటూ కూర్చున్నాడు, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఎవరి పాట వాళ్లకే. అప్పుడు మాకు పాట చెప్పేది ఒక్కతే, అందుకునేది ఊరంతా. ఇప్పుడు అందరూ వినేవాళ్లే, అందుకునేవాళ్లు లేరని టీచర్ బుద్ధితో నిట్టూర్చాను.

షో జరిగే మైదానంలో ఇంకా వెలుతురుంది. నల్లచొక్కాల మధ్య నా పసుపు నేతచీర పొరపాటున పడ్డ బంతిపువ్వులా ఉంది. ఒక కుర్రాడు, బొమికలంత ఉంగరాలు పెట్టుకున్నవాడు, "ఆంటీ, ఎవర్నన్న వెతుకుతున్నరా?" అని మర్యాదగా అడిగి, తోపులాటలో నాకు అడ్డంగా నిలబడ్డాడు. కల్పన వేదిక మీదికి వచ్చింది. పాడింది. ఏం చెప్పను? నేను జీవితమంతా తక్కువ చేసి చూడడానికి ప్రయత్నించిన వస్తువు అది. తక్కువ కాలేదు. పొట్టలోంచి లేచి, గిటార్లను పక్కకు నెట్టి, ఆకాశంలో ఎవరినో పిలుస్తున్నట్టు పాడింది. వినకూడదనుకుంటూనే విన్నాను, తప్పులు వెతికాను, ఒక్కచోట ఆమెకు ఊపిరి అందలేదు, అది దాచుకుని సంతోషపడ్డాను.

చివరి పాటకు ముందు ఒక మనిషి వచ్చి ఆమె పక్కన ఇంకో మైకు నిలబెట్టాడు. దాన్ని కల్పన మైకు కంటే జానెడు కిందికి దించాడు. సరిగ్గా నా ఎత్తు. ఎవరూ రాలేదు. కల్పన ఆ మైకు వైపు ఒకసారి చూసి, తన మైకులో, "గిది మా వాణి రాసింది," అంది. జనం హోరుమన్నారు. నా పేరు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు, అంత తొందరగా మాయమవడం కూడా చూడలేదు.

గిటార్లు లేచాయి, అచ్చం హారన్లలా. కల్పన కాళ్లు దూరంగా పెట్టింది. నేను అనుకోలేదు, నా నోరే అనుకుంది. ఆమె మొదలుపెట్టిన మరుక్షణం నా గొంతు కూడా పాట ఎత్తుకుంది: "ఇంట్లున్న బతుకమ్మ..." పక్కనున్న ఉంగరాల కుర్రాడు నా భుజం మెల్లగా తట్టాడు. ఎంతో ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆంటీ, అది అక్క పార్ట్. మనది ఉయ్యాలో ఒక్కటే."

వాడికి చెప్పొచ్చు. ఆ మాట నాది నాయినా అని, మా నాయనమ్మ పేరు చెప్పి, వేదిక మీద ఖాళీగా ఉన్న మైకు చూపించి చెప్పొచ్చు. అటు చూశాను. కల్పన ఆ మైకు పక్కకు జరిగి, దానికి కొంచెం చోటు వదిలి పాడుతోంది. మాట అయిపోయింది. మైదానం మొత్తం "ఉయ్యాలో" అంది. వేల గొంతులు, ఏదీ ఎవరిదో తెలియదు. నేనూ అన్నాను, చిన్నగా, శ్రుతి చూసుకుని. నా పుట్టుకలో ఎప్పుడూ అందుకునేవాళ్ల పక్కన నిలబడి పాడలేదు.

కుర్రాడు సంతృప్తి పడలేదు. "గట్టిగ ఆంటీ!" అని అరిచాడు. "అక్కకు ఇన్పడాలె!"

కల్పన మళ్లీ మాట ఎత్తుకుంది. నేను నోరు మూసుకుని, అది పూర్తయ్యేదాకా ఆగాను. ఆగడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. తర్వాత నేతచీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, కాళ్లు దూరంగా పెట్టి, శ్రుతి చూసుకోకుండా నోరు తెరిచాను.